ఇంటిమనిషి చేతికే

బస్సు పూర్తిగా ఆగకముందే లింగమ్మ తలుపు తీసి కింది మెట్టు మీద నిలబడింది. పొట్టి మనిషి, గట్టి ఒళ్లు, ముంజేతి మీద అరిగిపోయిన పచ్చబొట్టు, ఇంజను మోతను కూడా మింగేసే గొంతు. మంఖాల్ నుంచి శంషాబాద్‌లోని బడి దాకా పిల్లలను ఎక్కించడం, దించడం ఆమె పని. బడివాళ్లు ఆయా అంటారు. పిల్లలు మాత్రం లింగవ్వ అంటారు.

"ఏందిరా, చెప్పులేసుకొని ఉరికొచ్చినవ్? బూట్లేవి?" అని ఒకణ్ణి గదమాయించి, "జర నవ్వే, ఇయ్యాల ఆఖరి రోజు" అని ఇంకొకదాన్ని రెక్కపట్టి పైకి లాగింది.

వేసవి సెలవులకు ముందు చివరి ఒంటిపూట బడి అది. పిల్లలకు సెలవులు, లింగమ్మకు మాత్రం కొలువే ఆఖరు. ఆ సంగతి బస్సులో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆమె, రెండోవారు పక్కన నిలబడి పని నేర్చుకుంటున్న శ్రీలత. శ్రీలత ఇన్నాళ్లూ బడి లోపల చిన్న తరగతుల పిల్లలను చూసుకున్న ఆయా. పుట్టింది షాద్‌నగర్ వైపు. మంఖాల్‌లో ఎవరు ఎవరో ఆమెకు తెలియదు.

శంషాబాద్ మహానగరంలో కలిసినప్పటి నుంచి వచ్చిపడింది ఈ తంటా. ఇంటి లెక్కన పన్ను కట్టే బడి భవనానికి ఇక వ్యాపార భవనం లెక్కన కట్టమన్నారు. యజమాని ఆ బరువును కిరాయి మీదికి నెట్టాడు. బడి దాన్ని ఫీజు మీదికి నెట్టింది. కొందరు పిల్లలను మాన్పించారు కూడా. తల్లిదండ్రుల సమావేశంలో ప్రిన్సిపాల్ ప్రసన్నలక్ష్మి గొంతు తగ్గించి చెప్పింది. "ఇంతకన్నా ఫీజు పెంచలేమండీ. మంఖాల్ బస్సు ఆపేయడమో, ఇద్దరు ఆయాల్లో ఒకరిని తీసేయడమో, ఏదో ఒకటి తప్పదు."

విమానాశ్రయంలో షిఫ్టుల మీద ఊడ్చే పనికి పోయే సునీత లేచి నిలబడింది. "బస్సు బంద్ అయితే నా బిడ్డ సదువు బందే మేడమ్. నేను డ్యూటీకి పోవాల్నా, దాన్ని బడికాడ దింపాల్నా?"

వెనుక కుర్చీలు సర్దుతున్న లింగమ్మ ఆ మాట విని ఆగిపోయింది. మరునాడు పొద్దున్నే ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లింది.

"నేను బంద్ అయిత మేడమ్, బస్సు నడ్వనియ్యుండ్రి. శ్రీలతకు చిన్న పిల్లలున్నరు. నాదేముంది, ఒక్క పానం."

ఏడవలేదు, బతిమాలించుకోలేదు. ఇన్నేళ్ల కొలువును చీపురు మూలకు చేరేసినట్టు వదిలేసింది. ఆ గుండె ఎంతమందికుంటుంది!

ఆమెకు ఉన్నదల్లా ఒక్కటే బెంగ. లింగమ్మ పిల్లలను దారిలో దింపి పోయే రకం కాదు. ఇంటిమనిషి చేతిలో పిల్ల చెయ్యి పెట్టాకే వదులుతుంది. మనిషి రాకపోతే పిల్ల బస్సులోనే ఉంటుంది. ఎప్పుడో షాద్‌నగర్ అంగట్లో ఆమె నాలుగేళ్ల కూతురు ఎవరినో "పెద్దమ్మా" అంటూ వెంట పోయి, పొద్దుగూకేదాకా దొరకలేదు. దొరికాక కూడా లింగమ్మకు ఆ భయం పోలేదు. ఆ భయంతోనే ఊరి పిల్లలందరినీ కంటికి రెప్పలా కాచుకుంది. శ్రీలతకు ఆ పట్టు రాకపోతే తాను తప్పుకుని ఈ పిల్లలకు అన్యాయం చేసినట్టే కదా!

మధ్యాహ్నం బస్సు తిరుగుదారి పట్టింది. నెత్తి మీదుగా విమానం దిగుతుంటే పిల్లలు అలవాటుగా మాట ఆపి, మోత పోయాక ఆపిన చోటినుంచే అందుకున్నారు. ఊరి మలుపు దగ్గర సునీత కూతురు అక్షిత దిగాలి. రోజూ వచ్చే తాత కుర్మయ్య ఇవాళ లేడు. మోటార్ సైకిలు మీద ఎవరో కూర్చుని ఉన్నాడు. పిల్ల అతన్ని చూసి "మామా!" అని కేకేసింది. "రా బిడ్డా" అన్నాడతను. శ్రీలత పిల్లను దించి, చెయ్యి అతని చేతిలో పెట్టేసింది.

లింగమ్మ ఒక్క ఉదుటున దిగి పిల్లను వెనక్కి లాక్కుంది. "ఎవరు నువ్వు?"

అతను ప్లాట్లు చూపించే ఏజెంటు గోవర్ధన్. వచ్చినప్పుడల్లా ఊరి పిల్లలకు బిస్కెట్లు కొనిపెడతాడట. "ఇంటికాడ దింపుదామనుకున్న అక్కా" అని బిక్కమొహం వేశాడు. మంచివాడే అయి ఉంటాడు, పాపం.

"పిల్ల మామా అన్నది గదక్కా..." అంది శ్రీలత, ముఖం పాలిపోయి.

"పిల్లలు పాలాయన్ని మామ అంటరు, కరెంటాయన్ని మామ అంటరు. గట్ల పిల్వమని మనమే నేర్పినం. మామ అనంగనే ఇంటోడైతడా?"

తిట్టినట్టు కాదు, లింగమ్మ బతిమాలినట్టే అంది. అక్షితను మళ్లీ సీట్లో కూర్చోబెట్టి, తలుపు వేసింది. ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసి మాట వెనక్కి తీసుకోవాలా అని దారంతా మథనపడింది. తీసుకుంటే శ్రీలత కొలువు పోతుంది. తీసుకోకపోతే పిల్లల గతేమిటి? ఈలోగా శ్రీలత ఒక్కొక్కరినే దించుతూ, ఎదుటి మనిషిని నువ్వేమవుతావని అడిగి మరీ అప్పగించింది.

చివరికి లింగమ్మ ఇల్లు వచ్చింది. ఆమె కిందికి దిగి చెయ్యి చాచింది.

"అక్షితను నాకియ్యి. వాళ్లిల్లు నాకెరుకే, నడ్సుకుంట పోయి దింపొస్త."

శ్రీలత కదల్లేదు. పిల్ల చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఇయ్యనక్కా" అంది తల వంచుకుని. "నువ్వు వాళ్లింటి మనిషివి కాదు. ఇగ ఆయావు గూడ కాదు. తాతకే ఇస్త."

డ్రైవర్ పాండు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. లింగమ్మ చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ మాట ఆమెకు చురుక్కున తగిలింది, అబద్ధమెందుకు. కానీ మరుక్షణంలో ముఖమంతా విచ్చుకుంది. బెంగ తీరిన సంతోషానికి కళ్లు నిండాయి.

"గట్లనే ఉండు బిడ్డా. రేపు నేనొచ్చి ఏడ్సినా ఇయ్యకు."

పాండుకు పోయొస్తనని చెప్పి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ గల్లీలోకి నడిచింది. మళ్లీ తిరిగి చూడలేదు.

బస్సు మలుపు దగ్గరికి తిరిగొచ్చేసరికి కుర్మయ్య రొప్పుతూ ఎదురొచ్చాడు. మేక ఈనుతుంటే ఆగిపోయాడట. శ్రీలత మనవరాలి చెయ్యి ఆయన చేతిలో పెట్టి, వాళ్లు నాలుగడుగులు నడిచేదాకా చూసి తలుపు వేసింది. ఖాళీ బస్సు శంషాబాద్ వైపు కదిలింది. తలుపు పక్క కమ్మీకి, పిల్లల ముక్కులు తుడవడానికని లింగమ్మ పాత చీర చింపి కట్టిన గుడ్డపేలిక ఇంకా ఊగుతూనే ఉంది.