మూత అచ్చు

దిష్నా ఊరి బయట, చెరకు పిప్పితో అన్నం డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో విదాద్ కుడిచేతి వేళ్లు పోయాయి.

నానబెట్టిన పిప్పి గుజ్జును వేడి అచ్చుల మధ్య నొక్కితే డబ్బా అవుతుంది. వాడి పారేస్తే మట్టిలో కలిసిపోతుందని పైదేశాల వాళ్లు ఓడలకొద్దీ కొంటారు. అచ్చు ముందు జాలీ తలుపు ఉంటుంది. అది తెరిస్తే యంత్రం ఆగాలి. పని నెమ్మదిస్తోందని మేస్త్రీ ఖలఫ్, తలుపు తెరిచినా యంత్రం ఆడేలా తీగ కట్టించాడు. అచ్చుకి అతుక్కున్న డబ్బా మూతను లాగబోయిన విదాద్ చేతి మీద అచ్చు దిగింది.

పక్క యంత్రం మీద ఉన్నది ఆమె అన్న సబూర్ భార్య ఫిక్రియా. విచారణకు వచ్చినవాళ్లు అడిగితే, "తీగ తనే కట్టుకుంది. చెప్పినా విన్లేదు," అంది. దాంతో విదాద్‌కు పరిహారం రాలేదు, పని కూడా పోయింది. విచారణవాళ్లు వెళ్లాక ఖలఫ్ తీగ మళ్లీ కట్టించి, ఆ యంత్రాన్ని ఫిక్రియాకిచ్చాడు. దాని మీద జీతం ఎక్కువ.

విదాద్‌కు అన్న ఇల్లు తప్ప దిక్కు లేదు. ఇంట్లో అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తింటారు. ఎడమచెయ్యి అందులో పెట్టకూడదు. అందుకని ఫిక్రియా ఆమెకు విడిగా, ఫ్యాక్టరీలో తీసిపారేసిన వంకర డబ్బాలో మొలోఖియా ఆకుకూర పులుసు పోసి, రొట్టె ముక్క పడేసేది.

"ఏమనుకోకు అమ్మాయ్. పిల్లలు చూసి నేర్చుకుంటారని," అనేది.

సబూర్ తల ఎత్తేవాడు కాదు. అసలేం జరిగిందని చెల్లెల్ని ఒక్కసారీ అడగలేదు.

ఒక సాయంత్రం ఫిక్రియా కాళ్లు చాపుకుని కూర్చుంది. విదాద్ ఒంటిచేత్తో గిన్నెలు తోముతోంది.

"అమ్మాయ్, మూతలు అచ్చుకి అతుక్కుంటే ఎలా తీసేదానివే? కర్రతో గీకితే చిరిగి చస్తున్నాయి. ముసలి గేదెని తెచ్చి పెట్టుకున్నానని తిడుతున్నాడు ఖలఫ్."

విదాద్ గిన్నె బోర్లించింది.

"చేత్తోనే వదినా. లోపలికంటా పెట్టి, మూల పట్టుకుని లాగితే ఊడొస్తుంది."

"మీద పడదూ?"

"దిగేముందు ఉస్సుమంటుంది. అది విన్నాక తీసినా సరిపోద్ది. ఆ రోజు నేనే పరధ్యానంగా ఉన్నా."

ఆ అచ్చు ఏ చప్పుడూ చెయ్యదు. చెయ్యకుండానే దిగుతుంది.

మర్నాడంతా విదాద్ గుమ్మంలోనే ఉంది. పిల్లలు ఆకలన్నా లేవలేదు. చేసిన పనికి భయం వేస్తుందేమోనని చూసుకుంది. వెయ్యలేదు. చాలా రోజుల తర్వాత ఒళ్లు తేలిగ్గా అనిపించింది. పొద్దు వాలుతుండగా ఫ్యాక్టరీ వ్యాన్ ఆగితే, చున్నీ సర్దుకుని లేచి నిలబడింది.

ఫిక్రియా నవ్వుతూ దిగింది. పది వేళ్లూ ఉన్నాయి. ఒక చేతిలో బస్బూసా మిఠాయి పొట్లం ఉంది.

"నువ్వు చెప్పినట్టే చేశానే. ఒక్కటీ చిరగలేదు. ఖలఫ్ నోరు మూశాడు. ఇంద, నీకే తెచ్చా."

విదాద్ ఎడమచేత్తో ముక్క తీసుకుంది. ఫిక్రియా ఆ చేతిని చూసి మొహం తిప్పుకుంది.

"ఆ ఉస్సు మాత్రం నాకు విన్పళ్లేదు సుమా."

విదాద్ తీపి నమిలి మింగింది.

"ఆ రొదలో కొత్తలో విన్పడదు వదినా," అంది. "రేపు ఇంకాస్త లోపలికి వంగి విను."