క్యూ లేని చేప

నా నోటికి తాళం లేదని మా అమ్మ నా చిన్నప్పుడే అనేది. తాళం వేసుకోవలసిన రోజున వేసుకోలేదు. తీయవలసిన రోజున తీయలేదు. నేను చేసిందంతా ఇంతే, మిగిలింది సిగ్గు.

రాజమండ్రి దేవీచౌక్ దగ్గర మందుల షాపు మీద మేడలో నాకో ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఇరవై కుర్చీలు, ఒక తెల్లబోర్డు, చల్లదనం కంటే చప్పుడెక్కువ చేసే ఏసీ. పదకొండేళ్ళ నుంచి స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతున్నాను, రెండేళ్ళ నుంచి స్పానిష్ కూడా. రొయ్యల కంపెనీల వాళ్ళు స్పెయిన్ బేరాల కోసం చూడటం మొదలుపెట్టాక నాకూ గిరాకీ పెరిగింది. ఈ చుట్టుపక్కల స్పానిష్ చెప్పేవాడు ఇంకెవడున్నాడు గనక? ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం.

నా స్పానిష్ బళ్ళో నేర్చుకున్నది కాదు. డిగ్రీ అయ్యాక, రావులపాలెం దగ్గర మా నాన్నగారి అరటితోట పని తప్పించుకోవడానికి సరుకుల ఓడలో స్టూవర్డుగా చేరి నాలుగేళ్ళు తిరిగాను. ఆ ఓడలో వంటవాడు విల్మర్‌ది పెరూ దేశం. అతను ఉల్లిపాయలు తరుగుతూ మాట్లాడేవాడు, నేను గిన్నెలు తుడుస్తూ నేర్చుకునేవాణ్ణి. అందుకే నాది చెవి స్పానిష్, కంటి స్పానిష్ కాదు. మాట్లాడితే విల్మరే మెచ్చుకునేవాడు. రాయమని మాత్రం ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

ఆ లోటు కప్పుకోవడానికి ఒక పద్ధతి కనిపెట్టి, 'తెలుగు లిపిలో స్పానిష్' అని దానికో పేరు కూడా పెట్టాను. మనకు గుణింతం ఉంది, ఏ శబ్దమైనా మన అక్షరాల్లో ఇట్టే ఇమిడిపోతుందని మొదటి రోజే ఉపన్యాసం దంచేవాణ్ణి. పిల్లలు నోటుబుక్కుల్లో పెస్కార్, బుస్కార్, కర్గార్ అని రాసుకునేవారు. పలకడం బ్రహ్మాండంగా వచ్చేది. మరి ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలంటే ఎలాగండీ అని ఎవరైనా అడిగితే, "క వినిపిస్తే సి పెట్టండి, గ వినిపిస్తే జి పెట్టండి, అంతే" అనేవాణ్ణి. ఓడ సారు చెప్పాడంటే తిరుగేముంది! నా వెనక వాళ్ళు నన్ను ఓడ సారనే అంటారు.

సాయిదుర్గ కొవ్వూరు నుంచి వచ్చేది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. తండ్రి గోదావరి మీద వేటకు వెళతాడు, తల్లి పేరు రాణి, మార్కెట్లో చేపలమ్ముతుంది. ఆ అమ్మాయి డిగ్రీ చదివి కూడా ఒక రొయ్యల ప్లాంటులో ఐసు మధ్య నిలబడి రొయ్యలు ఒలిచే పని చేస్తోంది. షిఫ్టు దిగి, బస్సులో బ్రిడ్జి దాటి ఆరింటికి క్లాసుకొచ్చేసరికి వేళ్ళు నానిపోయి, తెల్లగా ముడతలు పడి ఉండేవి. పెన్ను పట్టుకునే ముందు రెండు చేతులూ గట్టిగా రుద్దుకునేది. ఆ ప్లాంటు ఆఫీసులోనే, స్పెయిన్ వాళ్ళకు ఉత్తరాలు రాయడానికి ఒకే ఒక్క పోస్టు పడింది. శనివారం రాతపరీక్ష. పాసైతే ఐసు గదిలోంచి ఆఫీసు కుర్చీలోకి వెళుతుంది. పోతే మళ్ళీ ఆ ఐసే.

ఆ ముందు మంగళవారం నేను జరిగిపోయిన కాలం చెబుతున్నాను.

"పెస్కార్ అంటే చేపలు పట్టడం. నేను పట్టాను అంటే పెస్కే. వెతికాను అంటే బుస్కే. సరుకు ఎక్కించాను అంటే కర్గే. పగే అంటే పగ కాదర్రా, చెల్లించాను అని!" అంటూ అందరినీ నవ్విస్తూ, వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో బోర్డు మీద వరసగా రాశాను: pescé, buscé, cargé, pagé.

మూడో వరసలోంచి సాయిదుర్గ చెయ్యెత్తింది.

"సార్, పెస్కే అని ఫోన్‌లో కొడితే వేరేగా వస్తోందండి. సి కాదండి, క్యూ, యు వస్తున్నాయండి."

నాకు ఒళ్ళు మండింది. అడిగినందుకు కాదు, అందరి ముందు అడిగినందుకు. అడిగింది ఎవరి పిల్ల అన్నది కూడా లోపల ఎక్కడో పనిచేసింది. ఆ రోజైతే కాదని దెబ్బలాడేవాణ్ణి, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

"చూడమ్మా, మీ అమ్మ గంప దగ్గర పులసకి క్యూ కడతారేమో గాని, స్పానిష్‌లో చేపకి క్యూ ఉండదు" అన్నాను.

క్లాసు గొల్లుమంది. నా చమత్కారానికి నేనే మురిసిపోయాను కూడా. సాయిదుర్గ కూడా కొంచెం నవ్వింది. అందరూ నవ్వుతుంటే తప్పదు గనక నవ్విన నవ్వది. తర్వాత రబ్బరు తీసి, నోటుబుక్కులో పెన్సిల్‌తో రాసుకున్న క్యూ, యు చెరిపేసి, పైన సి రాసుకుంది. నేను చూశాను.

బుధవారం క్లాసు లేదు. పొద్దున్నుంచీ ఆ క్యూ పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. ఉండబట్టలేక బోర్డు ఫొటో తీసి విల్మర్‌కు పంపాను. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు జవాబొచ్చింది. ముందు నవ్వు, ఆ నవ్వు వెనక మాట. నువ్వు రాసింది చదివితే పెస్కే కాదయ్యా, పెస్సే అవుతుందన్నాడు. తర్వాత సరైనవి రాసి పంపాడు: pesqué, busqué, cargué, pagué.

విషయం చిన్నదే. వాళ్ళ సి పక్కన ఈ (e) వస్తే క పోయి స అయిపోతుంది. జి పక్కన ఈ వస్తే గ పోయి హ అవుతుంది. అందుకని క శబ్దం నిలవాలంటే సి తీసేసి క్యూ, యు పెడతారు. గ నిలవాలంటే మధ్యలో యు దూరుస్తారు. శబ్దం చెడకూడదనే అక్షరాన్ని మారుస్తారు. మన క కి ఏత్వం ఇచ్చినా కొమ్మిచ్చినా క గానే ఉంటుంది, దానికి ఈ బాధ లేదు. నా గుణింతం గర్వంలో పడి, లోకంలో అన్ని అక్షరాలూ అంతే అనుకున్నాను.

కంచం పక్కకి నెట్టాను. ఫోన్ తీసి సాయిదుర్గ నంబరు దాకా వెళ్ళాను. ఏమని చెప్పాలి? నువ్వే రైటమ్మా అనాలా? అంటే ఆ పులస మాట ఏం కావాలి? రేపు క్లాసులో చిన్న సవరణలాగా చెప్పేద్దాంలే అనుకుని ఫోన్ పక్కన పెట్టేశాను.

గురువారం పిల్లలు రాకముందే బోర్డు శుభ్రంగా తుడిచేశాను. సాయిదుర్గ అందరికంటే ముందొచ్చి, ఖాళీ బోర్డు వంక చూసి, నా వంక చూసి కూర్చుంది. "ఇవాళ వారాలూ నెలలూ" అన్నాను.

శుక్రవారం ఆఖరి క్లాసు అయ్యాక బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, ఆ పెస్కే, కర్గే మళ్ళీ ఒక్కసారి చూద్దామాండీ? రేపే పరీక్ష."

"అవన్నీ అయిపోయాయి కదమ్మా. ధైర్యంగా రాయి" అన్నాను.

"ఆయ్, అలాగేనండి" అని వెళ్ళిపోయింది. మెట్లు దిగుతున్న చప్పుడు వింటూ, తెలివైన పిల్ల, ఫోన్‌లో చూసుకునే రాస్తుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఏమిటో పిల్లలకు బోలెడుసార్లు వివరించాను. నేనే ఆ పిల్లినని ఆ సాయంత్రం మాత్రం తోచలేదు.

సోమవారం ఐదున్నరకే వచ్చింది. చేతిలో స్టీలు క్యారేజీ.

"మా అమ్మ పంపిందండి. పులస పులుసు."

పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మా వైపు. ఆదివారం వాళ్ళ నాన్న వలలో ఒక్కటంటే ఒక్కటి పడిందట. మార్కెట్టుకు తీసుకెళితే ఎగరేసుకుపోయేవారు. అమ్మ అమ్మలేదండి, సారుగారికి ఇవ్వాలంది అని చెప్పింది. నా బల్ల మీద క్యారేజీ పెట్టి, కారుతుందేమోనని కింద కాగితం మడత వేసింది.

"పోస్టు వచ్చిందా అమ్మా?"

"లేదండి. హైదరాబాద్ నుంచి వచ్చినావిడకి ఇచ్చారండి." క్యారేజీ మూత సరిచేసింది. "రొయ్యలు కొనే స్పెయిన్ వాళ్ళ మనిషొకాయన నా పేపరు పైకి చదివారండి. నేను కర్గే అని రాసింది, కర్హే అని చదివి నవ్వారండి. మేనేజరు కిరణ్ కుమార్ గారు కూడా నవ్వారు. అలాంటివే ఆరు తప్పులంటండి. మాట్లాడటం మాత్రం బాగుందన్నారు."

"నీకు ఫోన్‌లో సరిగ్గానే వచ్చింది కదమ్మా. అదెందుకు రాయలేదు?"

ఆ మాట అడగడానికి నాకు నోరెలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"రాద్దామనే అనుకున్నానండి. అందుకే శుక్రవారం కూడా మిమ్మల్ని అడిగాను. తప్పైతే సారు చెప్పకుండా ఉంటారా అనుకున్నానండి."

ఎత్తిపొడుపు ఏమాత్రం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది, ఒక తిట్టు తిన్నట్టుండేది. తను వెళ్ళి మూడో వరసలో కూర్చుని, అలవాటుగా చేతులు రుద్దుకుంటోంది. రేపు పొద్దున్న ఆ చేతులు మళ్ళీ ఐసులోకే.

వరండాలోకి వెళ్ళి, ప్లాంటు ఆఫీసుకు ఫోన్ చేసి కిరణ్ కుమార్‌ని అడిగి పిలిపించాను. ఆ తప్పులు ఆ అమ్మాయివి కావండి, నావి, నేనే అలా నేర్పాను, ఇంకోసారి రాయించండి అని బతిమాలాను.

"పోస్టు నిండిపోయిందండి మాస్టారూ. అయినా నేర్పింది మీరైనా పేపరు ఆవిడదే కదండీ" అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేముంది?

ఫోన్ పెట్టేసి విల్మర్‌ని ఇంకొక్క మాట అడిగాను. సిగ్గుపడుతున్నాను అనడానికి మీ భాషలో ఏమంటారని. వెంటనే వాయిస్ పంపాడు: మే అవెర్గ్వెంసో. రెండుసార్లు విన్నాను. లోపలికి వచ్చేసరికి ఇరవై కుర్చీలూ నిండాయి. మంగళవారం నవ్వినవాళ్ళంతా ఉన్నారు. బల్ల మీద క్యారేజీ, దాని పక్కన మార్కరు.

ముందు నాలుగు మాటలూ సరిగ్గా రాశాను, క్యూలతో సహా. వెనక్కి తిరిగాను.

"మంగళవారం నేను రాసినవన్నీ తప్పు. సాయిదుర్గ చెప్పిందే రైటు. అది నాకు బుధవారం మధ్యాహ్నమే తెలిసింది. గురువారం అందుకే బోర్డు తుడిచాను. శుక్రవారం ఆ అమ్మాయి వచ్చి అడిగినప్పుడు కూడా నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు. దాంతో తనకు రావలసిన ఉద్యోగం పోయింది."

సాయిదుర్గ అంతవరకూ నోటుబుక్కు వంక చూస్తోంది. శుక్రవారం అన్నప్పుడు తలెత్తింది. పాపం, సారు పొరబడ్డాడనే అనుకుంది అప్పటిదాకా. దాచాడని అప్పుడే తెలిసింది. ఆ చూపు ముందు నిలబడలేక మళ్ళీ బోర్డు వైపు తిరిగి, విల్మర్ చెప్పిన మాట రాశాను. కొత్తగా నేర్చిన సూత్రం ఉంది కదా, జి పక్కన యు కూడా పెట్టాను: me averguenzo.

తిరిగి చూస్తే, సాయిదుర్గ ఫోన్ వంక చూసి, బోర్డు వంక చూసింది. చెయ్యి భుజం దాకా లేచి ఆగిపోయింది. మెల్లగా దించి బల్ల కింద పెట్టుకుంది. మంగళవారం అంత ధైర్యంగా లేచిన చెయ్యే అది. దాన్ని దించింది నేను.

"చెప్పమ్మా" అన్నాను.

"ఏం లేదులెండి."

"తప్పు రాశానా?"

ఫోన్ బోర్లించి బల్ల మీద పెట్టింది.

"ఆ రోజు మీ అమ్మగారి గంప మీద నేనన్న మాట చాలా తప్పు సాయిదుర్గా. నిన్ను కూర్చోబెట్టడానికి అన్నాను. ఇప్పుడు నువ్వు లేవకపోతే నేనిక్కడ నిలబడటానికి పనికిరాను. వచ్చి దిద్దు."

లేచి వచ్చి, నా చేతిలో మార్కరు తీసుకుని, ఆ యు నెత్తిన రెండు చుక్కలు పెట్టింది.

"ఇవి లేకపోతే అవెర్గెంసో అవుతుందండి. యు పలకదు. పలకాలంటే చుక్కలు పెట్టాలి."

మూత బిగించి మార్కరు నా చేతికిచ్చింది. ఇచ్చి కుర్చీ వైపు వెళ్ళలేదు, బోర్డు పక్కనే నిలబడింది.

"ఇప్పుడు పైకి చదవండి సార్" అంది.

చదివాను.

"వెనకాలోళ్ళకి వినపడలేదండి" అంది.

మళ్ళీ చదివాను.