అరవై చుట్ల మోటారు

దారం కొసను నోటితో పీల్చి, మగ్గంలో అడ్డదారం మోసే నాడె కన్నంలోంచి బయటికి లాగాడు ఢిల్లీబాబు. అలా పీల్చినప్పుడల్లా దారంతోపాటు కాస్త పీచు కూడా గొంతులోకి పోతుంది. పెళ్లికి ముందునుంచీ పోతూనే ఉంది. దగ్గి, ఉమ్మేసి, నాడెను మగ్గంలో పెట్టి పిడి తోశాడు. మగ్గం మళ్లీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. నగరిలోని ఆ వీధికి తెల్లవారిందని చెప్పడానికి కోడి అక్కర్లేదు, మురుగేష్ షెడ్డులో మరమగ్గాలు గొంతెత్తితే చాలు.

ఢిల్లీబాబు గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. బక్కపలచని మనిషి, కాస్త ముందుకు వంగిన భుజాలు, పీచు పట్టి ఎప్పుడూ నెరిసినట్టుండే కనుబొమలు. సగం చెవుడు. ఆ షెడ్డులో సగం చెవుడు లేనివాడు కొత్తగా చేరినవాడై ఉంటాడు. ఇంట్లో గుసగుసలాడినా నాలుగిళ్లకు వినబడుతుంది. పేకాట లేదు, తాగుడు లేదు. ఉన్న పిచ్చి ఒక్కటే, చిన్న మోటార్లు. విరిగిన బొమ్మకారు కనబడితే ఆ మనిషి కళ్లు మెరుస్తాయి. ఫోనులో ఎవరెవరో చేసిన రోబోలు చూస్తూ అన్నం చల్లారబెట్టుకుంటాడు.

ఈ పిచ్చికి ఇప్పుడొక పని దొరికింది. షెడ్డు మూలన పెద్ద మోటారు ఒకటే ఉంటుంది. దాన్నించి మగ్గాల వెనకగా, మోకాలెత్తున, పొడవాటి ఇనప కడ్డీ. కడ్డీ మీంచి మగ్గానికొక బెల్టు. పిడి లాగితే బెల్టు పక్కనున్న ఉత్త చక్రం మీదికి జరుగుతుంది, మగ్గం నిలిచిపోతుంది. బెల్టు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అయినా షెడ్డులో అందరూ 'మగ్గం ఆగింది' అనే అంటారు. పెద్ద మోటారు ఆపితే అందరి మగ్గాలూ ఆగిపోతాయి, గుడ్డల మీద అడ్డగీతలు పడతాయి, మురుగేష్ తిడతాడు. కాబట్టి పొద్దున వేసిన స్విచ్చిని పొద్దుగూకేదాకా ఎవరూ ముట్టుకోరు.

ఆ బెల్టుల మధ్య దూరి, పేరుకున్న పీచు ఊడ్చే పని ఢిల్లీబాబు భార్య కుప్పమ్మది. ఆడికృత్తిక పండగ ముందురోజు ఆమె పైట చెరగు బెల్టులో పడింది. జానెడు గుడ్డ చిరిగి పోయింది, మనిషి మిగిలింది. పాత కోక కాబట్టి చిరిగింది, కొత్తదైతే చిరిగేది కాదు. కుప్పమ్మ ఆ సంగతి నవ్వుతూ అందరికీ చెప్పింది. ఢిల్లీబాబుకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ఎర్ర గుడ్డముక్కను చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. పడుకుంటే భయం, లేస్తే భయం. అప్పుడు మొదలుపెట్టాడు ఈ బండి. చిన్న చెక్క కింద చక్రాలు, ముందర చీపురు తల, వెనక పొడుగాటి వైరు, వైరు చివర మీటలు. అది మగ్గాల కింద తిరిగి ఊడిస్తే కుప్పమ్మ దూరక్కర్లేదు.

మోటారు ఎంచుకోవడంలోనే పప్పులో కాలేశాడు. మగ్గం మనిషికి మోటారు గొప్పతనమంటే వేగమే. అందుకని అన్నిటికన్నా వేగంగా తిరిగేదాన్ని ఏరి బిగించాడు. వాకిట్లో బండి ఉడతలా పరుగెత్తింది. మగ్గం కిందికి పోగానే ఇరుసుకు పీచు చుట్టుకుని నిలబడిపోయింది. మోటారు తిరుగుతోందో మూలుగుతోందో ఆ రొదలో వినబడదాయె. కాలిన వాసన వచ్చాక తెలిసింది. ఒకటి పోయి ఇంకొకటి పెట్టాడు, అదీ వేగమైనదే. నిన్న అది మూలమగ్గం కింద, బెల్టు పక్కన ఇరుక్కుంది. లాగితే వైరు ఊడి చేతికొచ్చింది.

ఈ రోజు ఢిల్లీబాబు మగ్గాల మీద నిలువు దారాల పడుగు అయిపోవచ్చింది. కొత్త పడుగు అతికేసరికి మధ్యాహ్నమవుతుంది. ఆ సందులో తిరుపతి పోయి రావాలని బయల్దేరాడు. కుప్పమ్మ అతని పాత తువ్వాలు లాగేసి, కొత్త తువ్వాలు తెచ్చి భుజాన వేసింది.

"తిరపతికి పోతా ఆ పీలికేంది? ఇది ఏసుకో. మన మగ్గం మీద నేసిందే, గట్టిగుంటాది."

"నేనొచ్చేదాకా నువ్వు కిందికి దూరబాక. ఇంటుండావా?"

"ఇంటుండాలే. షెడ్డంతా ఇంటుండాది."

పుత్తూరు దాటాక బస్సులో నిలబడే చోటు కూడా లేదు. వడమాలపేట దగ్గర ఎవరో దిగితే సీటు దొరికింది. తువ్వాలు కొస పక్కనున్న ముసలామె బుట్టకు తగులుకుంది. లేవబోయినప్పుడు మెడ లాగినట్టయింది. ఆమె నవ్వుతూ విడదీసింది. ఎందుకో తిరుపతి చేరేదాకా అతని చెయ్యి గొంతు దగ్గరికి పోతూనే ఉంది.

తిరుపతి బస్టాండు వెనక సందులో, కాలేజీ పిల్లలు రోబోల సామాను కొనుక్కునే చిన్న అంగడి ఉంది. గల్లాలో కూర్చునే చంద్రికకు పాతికేళ్లుంటాయి. ఢిల్లీబాబు కథంతా విన్నది. అరిచి చెప్పాడు కాబట్టి అంగడిలో ఉన్నవాళ్లంతా విన్నారు.

"బండి బరువెంత? చక్రం ఎంత పెద్దది?" అని అడిగి, రెండు మోటార్లు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతాది. ఇది అరవయ్యే."

"అరవయ్యా! మా మగ్గం దీనికి రెండింతలు కొడతాదే."

"నీకు కావాల్సింది వేగం కాదన్నా, బలం. దీని ముందర పళ్లచక్రాల పెట్టె ఉండాది సూడు. వేగం తగ్గించి బలమిస్తాది. పట్టుకో."

రెంటికీ బ్యాటరీ కలిపి తిప్పింది. ఢిల్లీబాబు మొదటిదాని ఇరుసును రెండు వేళ్లతో పట్టుకున్నాడు. ఇట్టే ఆగింది. రెండోదాన్ని పట్టుకున్నాడు. అది తొందరపడలేదు, ఆగనూ లేదు. అతని వేళ్లనే మెలిపెట్టుకుంటూ పోయింది. సంతోషం పట్టలేక పకపకా నవ్వాడు.

చంద్రిక నవ్వలేదు. "చిన్నదనుకోబాకన్నా. ఎదర ఏముండాదో దానికి తెలీదు. లాగడమే తెలుసు. ఇరుక్కుంటే ముందు స్విచ్చి ఆపు, తర్వాతే చెయ్యి పెట్టు."

"ఆపకుండా ఎవరు పెడతారు పాపా!" అన్నాడు ఢిల్లీబాబు.

షెడ్డుకొచ్చేసరికి ఎండ వాలింది. పడుగు అతికేశారు, అన్ని మగ్గాలూ ఆడుతున్నాయి. అతను చొక్కా కూడా మార్చుకోలేదు. కొత్త మోటారును కిటికీ గట్టు మీద పెట్టి, కదలకుండా ఇటుకముక్క ఆనించి, బ్యాటరీకి కలిపాడు. జేబులోని ఎర్ర గుడ్డముక్క తీసి ఒక కొసను ఇరుసుకు కట్టాడు. రెండో కొస కుప్పమ్మ చేతికిచ్చాడు.

"పట్టుకో. ఇడవబాక."

కుప్పమ్మ పట్టుకుంది. మోటారు మెల్లమెల్లగా గుడ్డను చుట్టుకుంటూ ఆమె చేతిని దగ్గరికి లాక్కుంది. గుడ్డ వేళ్లలోంచి జారిపోయింది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"యమ్మా! దీనికింత బలం యాడిది?"

"రేపట్నించి నువ్వు గడపలో కూర్చోని టీ తాగు. ఊడిసేది ఇదే."

పెళ్లిలో కూడా ఆ మనిషి అంత గర్వంగా నిలబడలేదు. మూలమగ్గం కింద ఇరుక్కున్న బండిని తెచ్చి దీన్ని బిగించడమే మిగిలింది. కుప్పమ్మ అలవాటుగా కొంగు దోపుకుని మూలమగ్గం వైపు వంగింది. ఢిల్లీబాబు ఆమె చెయ్యి పట్టి వెనక్కి లాగాడు.

"నువ్వొద్దు. ఇంక ఎప్పుడూ దూరేది లేదు."

మూలమగ్గం పిడి లాగాడు. మగ్గం ఆగింది. పక్కన నేస్తున్నవాడికి ఆగిందని చేత్తో సైగ చేసి కిందికి దూరాడు. భుజం మీద తువ్వాలు అలాగే ఉంది. కుప్పమ్మకు అతని అరికాళ్లు కనబడుతున్నాయి. పగుళ్లలో పీచు ఇరుక్కుని తెల్లగా ఉన్నాయి. ఒక కాలు ముందుకు జరిగింది. ఇంకొంచెం జరిగింది.

షెడ్డు రొద ఒక్క క్షణం బరువెక్కింది, అంతే. ఎవరూ కేక వినలేదు. కేక పుట్టిందో లేదో కూడా తెలియదు. అరికాళ్లు రెండూ ఒక్కసారి నిటారుగా సాగి, మళ్లీ మామూలుగా పక్కకు వాలాయి. కుప్పమ్మ నోరు తెరవడం చూసి మురుగేష్ పెద్ద మోటారు వైపు పరుగెత్తాడు.

మగ్గాలు ఒకదాని వెనక ఒకటి నిలిచిపోయాయి. పొద్దుగూకకముందే ఆ షెడ్డు అలా నిశ్శబ్దంగా ఉండటం ఎవరూ ఎరగరు. మనిషిని బయటికి తీశారు. బెల్టు లాగి మెడకు బిగించిన తువ్వాలు విప్పడం ఎవరివల్లా కాలేదు, మురుగేష్ కత్తెర తెచ్చి కోశాడు. గట్టి నేత, కత్తెర రెండుసార్లు జారింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. తొందరపడాల్సిన పని అప్పటికే దాటిపోయిందని ఎత్తినవాళ్లందరికీ తెలుసు. కుప్పమ్మ చెప్పుల్లేకుండా ఆటో ఎక్కింది.

అందరూ వెళ్లిపోయాక ఖాళీ షెడ్డులో ఒక చిన్న చప్పుడు బయటపడింది. ఇన్నాళ్లూ రొదలో వినబడక ఢిల్లీబాబు అవస్థపడింది అలాంటి చప్పుడు కోసమే. కిటికీ గట్టు మీద, ఎర్ర గుడ్డముక్కను ఒంటికి చుట్టుకుని, ఎవరూ ఆపని ఆ మోటారు మెల్లగా తిరుగుతూనే ఉంది.