బావ ఫోన్‌కొచ్చే ఓటీపీ

ముందే ఒప్పేసుకుంటాను, ఓటీపీ అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మాధవీలత సంగతి తెలిశాక ఆ మంట ఇంకా ఎక్కువైంది.

పలాస ఆస్పత్రి కౌంటర్ ముందు నిలబడి మాధవీలత మొగుడికి మళ్ళీ ఫోన్ చేసింది. వాచిన పాదం మీద చెప్పు పట్టీ గాడి పడి ఉంది. కిడ్నీ జబ్బు ఇల్లిల్లూ తిరిగే ఉద్దానంలో పుట్టిన ఆడదానికి ఆ గాడి ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్ళమ్మ ఇలాగే పాదాలు చూపిస్తే, "ఎక్కువసేపు నిలబడుంటావులే" అన్నాడు నాన్న. డయాలసిస్ మంచం ఎక్కాకే ఆవిడకి కూర్చునే తీరిక దొరికింది.

"బావా, నీ ఫోన్‌కి ఆరంకెలొచ్చుంటాయి, సదువు."

"టెక్కలిలో మీటింగులో ఉన్నానే. తరవాత సూత్తాను."

"తరవాతంటే పనికిరాదు. కాసేపట్లో సచ్చిపోతాది."

"ఎవులు?"

"ఓటీపీ."

శ్యాంసుందర్ నవ్వాడు. పక్కనున్నవాళ్ళకి చెప్పి వాళ్ళనీ నవ్వించాడు. "ఆ జబ్బు ఎండలో పొలం పని సేసినోళ్ళకొత్తాది గానీ, ఫేను కింద లేప్‌టాప్ నొక్కేదానికెందుకొత్తాదే?" అని పెట్టేశాడు.

కౌంటర్‌లో అమ్మాయి జాలిగా చూసింది. "రికార్డు తెరుచుకోకపోతే మీ ఊళ్ళో తీసిన రక్తం రిపోర్టు డాక్టరుగారికి కనపడదు మేడం. నంబర్ మార్చాలన్నా ముందు పాత నంబర్‌కే ఓటీపీ వత్తాది."

తిరుగు ఆటోలో మాధవీలతకి మొగుడి మీద కంటే తన మీదే ఎక్కువ కోపం వచ్చింది. విశాఖ కంపెనీకి ఇంట్లో కూర్చుని ఆమె చేసే ఉద్యోగమే ఇలాంటి యాప్‌లలో తప్పులు పట్టడం. మనిషి ఒకచోటా ఫోన్ ఒకచోటా ఉంటే ఎలా అని ప్రతి యాప్ గురించీ అడిగేది తనే. కానీ ఊళ్ళో హెల్త్ క్యాంపు తమ ఇంటి అరుగు మీదే పెట్టిన రోజు, వచ్చినవాళ్ళకి టీ పెట్టే పని తనదైంది. ట్రే పట్టుకుని బయటికొచ్చేసరికి ఆమె పేరూ, వయసూ, ఆమె నంబరు చోట తన నంబరూ అన్నీ శ్యాంసుందర్ చెప్పేశాడు. "ఇంటికో నంబర్ సాలండీ" అంటున్నాడు, ఉదారంగా. తప్పు అక్కడే కనిపించింది. ఆఫీసులో అయితే రిపోర్టు రాసి పైకి పంపేది. ఇల్లు కదా, చెయ్యి చాపి రక్తం ఇచ్చి, ఖాళీ కప్పులు తీసుకుని లోపలికెళ్ళింది.

సాయంత్రం శ్యాంసుందర్ వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. "పనైందేటి? కాస్త టీ పెట్టు."

"నీ ఫోనియ్యి."

ఇంట్లో ఎవరి ఫోన్ మొరాయించినా బాగుచేసేది ఆమే. ఎందుకని అడక్కుండా ఇచ్చేశాడు. అందులోకి కొత్తగా వచ్చిన అంకెలు ఆమే చదువుకుని, తన రికార్డుకి తన నంబర్ పెట్టుకుంది. తర్వాత అత్త వరహాలమ్మని కేకేసింది. "అత్తా, నీ సిన్న ఫోన్ తే. నీ నంబర్ కూడా మార్సేద్దుము."

"నాకెందుకే? ఆడున్నాడు కదా."

"ఆడు మీటింగులో ఉంటాడత్తా."

వరహాలమ్మ కొడుకు వైపు ఒక్క చూపు చూసి, ఫోన్ తేవడానికి లోపలికెళ్ళింది.

ఇంతలో మాధవీలత తన రికార్డు తెరవబోతే, ఈసారి ఆమె ఫోనే టింగుమంది.

"ఏటొచ్చింది?"

"ఓటీపీ."

"ఎంత?"

"ఎవులికీ సెప్పకూడదు బావా. పాలు ఫ్రిజ్జిలో ఉన్నాయి. రేపు పొద్దున్నే పలాస ఎల్తాను, అప్పుడు కూడా టీ నువ్వే పెట్టుకో." కుర్చీ లాక్కుని కూర్చుని, కాళ్ళు రెండూ ఎత్తి ఎదుటి స్టూలు మీద పెట్టింది.

మీ ఒంటి సంగతి ముందు ఎవరి ఫోన్‌కి చేరుతోంది? ఒకసారి చూసి నాకు రాయండి. టీ పెట్టే పనుంటే, అది అయ్యాక కాదు, ఇప్పుడే.