మూడో వన్స్‌మోర్

మొన్న ఆదివారం సాయంత్రం గవర్నరుపేటలోని కనకవల్లీ కళామందిరంలో ఉన్నవారిని, కూర్చున్న క్రమంలోనే చెబుతున్నాను. ముందు వరుస మధ్యలో కళాసమితి అధ్యక్షులు. వారి కుడివైపు నా భార్య ఇందిరాదేవి. ఆమె పక్కన నేను, విశ్రాంత ఆంగ్లోపన్యాసకుడు వీరభద్రరావును. సరిగ్గా మా వెనుక, కొల్లేటి చేపల వేలంపాటల్లో గొంతు పండిన కొండలయ్య, అతను కైకలూరు నుంచి వెంటబెట్టుకొచ్చిన బంధుమిత్రులు. వేదిక మీద, రాజు వేషంలో, సమితి కార్యదర్శి వేదవ్యాస్.

కొండలయ్యను అక్కడ కూర్చోబెట్టినది నేను.

బెజవాడ వచ్చిన కళాభిమానులు ఎక్కడికి వెళ్ళాలని అడిగితే, పెద్ద ప్రదర్శనలకు తుమ్మలపల్లి వారి కళాక్షేత్రానికి పంపుతాను. గాయకుడి నిజం తెలుసుకోదలచినవారిని మాత్రం ఈ మందిరానికే పంపుతాను. ఇక్కడ పద్యానికి మైకు పెట్టరు. గొంతుకు దాక్కునే చోటుండదు.

నిరుడు ఇదే వేదిక మీద, ఇదే నాటకంలో, ఇందిరాదేవి రాణి వేషం కట్టింది. విలాప పద్యం ముగియగానే సభ "వన్స్‌మోర్" అంది. పద్యనాటకం తెలిసిన చోట అది ఆజ్ఞ. చచ్చిపడిన రాజు సైతం లేచి, పాడి, మళ్ళీ చావవలసిందే. మంత్రిగారైనా అంతవరకు గుమ్మంలో ఆగవలసిందే. ఆమె మళ్ళీ రాగం ఎత్తుకుంది. అంతలో ముఖ్య అతిథి కారు వచ్చిందని వేదవ్యాస్ తెర దింపించాడు. సన్మానానికని తెచ్చిన మైకు పట్టుకుని, "అమ్మగారికి వయసైంది కదండీ, ఆ గొంతుకి కాస్త రెస్టిద్దాం" అని నవ్వాడు. సభ కూడా నవ్వింది. తర్వాత శాలువాలు కప్పుకున్నారు.

మర్నాటి నుంచి ఆమె ఇంట్లో కూనిరాగమైనా తీయలేదు. హార్మోనియం పెట్టె మీద ఉతికిన బట్టలు మడతపెట్టి ఉంచేది. ఆమె నోట మళ్ళీ పద్యం వినాలని నాకుండేది. అంతకంటే ముందు వేదవ్యాస్ నోట పద్యం విరగాలని ఉండేది. ఈ ఏడు తానే రాజు వేషం కడుతున్నాడని తెలియగానే, పద్యనాటకమంటే చెవి కోసుకునే కొండలయ్యకు ఫోను చేశాను. ఇందిరాదేవికి చెప్పలేదు.

"ఎన్నిసార్లు అడగమంటారు మేష్టారూ?"

"గొంతు పోయేవరకు."

"చేప తాజాదో కాదో మేం మొప్పెత్తి చూస్తామండీ. ఈయనదీ ఎత్తి చూద్దాం."

రాజు యుద్ధానికి సవాలు విసిరే పద్యం వచ్చింది. వేదవ్యాస్ మొదటిసారి బాగానే పాడాడు, కాదనను. కొండలయ్య "వన్స్‌మోర్!" అని అరిచేసరికి కిరీటం సర్దుకుని, మురిసిపోతూ రెండోసారి అందుకున్నాడు. చెమటకు మీసం అంటు వదిలింది. వెంటనే కైకలూరు వరుస మొత్తం మళ్ళీ "వన్స్‌మోర్!" అంది. అతను తెర వైపు చూశాడు.

"తెరేస్తే ఊరుకోమండోయ్!"

మూడోసారి పై షడ్జం దగ్గర గొంతు చీలింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

"అయ్యగారికి వయసైనట్టుందండీ," అన్నాడు కొండలయ్య, "రెస్టిద్దామా?"

మందిరమంతా నవ్వింది. నేనూ నవ్వి, ఆ ఆనందం పంచుకుందామని పక్కకు తిరిగాను. ఇందిరాదేవి కుర్చీలో లేదు. చీరకుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని వేదిక మెట్లెక్కుతోంది. జాలిపడి అతన్ని రక్షించబోతోందని నాకు మండిపోయింది.

వేదవ్యాసూ అలాగే అనుకున్నాడు. "రండమ్మా, సమయానికొచ్చారు. ఒక్క మాట చెప్పి సభను..." అంటూ పక్కకు తప్పుకోబోయాడు.

"మీరెక్కడికి బాబూ? వన్స్‌మోర్ మిమ్మల్ని కదా అడిగారు. కత్తి పట్టుకుని ఇక్కడే నిలబడండి. చెయ్యి మీరు ఊపండి, గొంతు నేనిస్తాను."

అతను గొణిగాడు: "అమ్మా, సభలో..."

"అవును, సభలోనే." హార్మోనియం దగ్గరున్న మాణిక్యమ్మ వైపు తిరిగింది. "మాణిక్యం, ఒక మెట్టు పైన పట్టు."

మొదటి పాదం బొంగురుగా వచ్చింది. రెండో పాదానికి తుప్పు రాలింది. మూడో పాదం చివరి వరుస దాటి వీధిలోకి వెళ్ళింది. అతను పెదవులు కదుపుతూ, చప్పుడు లేని నోటితో, ప్రతి మాటకూ చెక్కకత్తి ఎత్తుతూ నిలబడ్డాడు. చివర ఆమె రాగం సాగదీసినంతసేపూ ఆ చెయ్యి గాలిలోనే ఉండవలసి వచ్చింది. ఆమె సభను చూడలేదు. అతన్నే చూస్తూ పాడింది.

ముగిసేసరికి ఎవరూ నవ్వడం లేదు. "వన్స్‌మోర్!" అని మందిరం నాలుగు మూలల నుంచీ లేచింది. అది నా ఏర్పాటు కాదు.

"ఏమంటారు? మీ చెయ్యి ఓపగలదా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా, ఆమె మళ్ళీ మొదటి పాదం ఎత్తుకుంది.

అతని గొంతు తీసినది నా పథకం. అతన్ని, అతని వేషంలోనే, అతని వేదిక మీదే తోలుబొమ్మను చేసినది శ్రీమతి ఇందిరాదేవి. ఆ సాయంత్రపు ప్రతీకారం పూర్తిగా ఆమెదేనని ఇందుమూలంగా అంగీకరిస్తూ, భర్తగా కాక ప్రేక్షకుడిగా ఆమెకు నమస్కరిస్తున్నాను.