ఇతరములు

హారతి ముందూ, వినాయకుడు వెనకా వచ్చిన రోజున అమ్మాజీగారు పూజగదిలో పీట మీంచి లేచి నిలబడి, "అమ్మాయ్, ఇదేం అప్రాచ్యం! దీపమైనా వెలిగించకుండా హారతి ఇచ్చేస్తోంది నీ పెట్టె!" అని ఇల్లెగిరిపోయేలా కేకేశారు. తప్పు పెట్టెది కాదు. బొటనవేలంత ఆ పాటల ప్లేయరుకి మడీ తెలీదు, ఆచారమూ తెలీదు. దానికి తెలిసిందల్లా ఇంగ్లీషు అక్షరాల వరుస. హెచ్ ముందొస్తుంది, వి ఎక్కడో చివర ఏడుస్తుంది. అందుకని హారతి పాడేసి, దేవుణ్ణి పంపించేసి, ఆఖర్న విఘ్నాలు తొలగించమని వినాయకుణ్ణి పిలిచింది. కోడలు ఉమాశ్రీ తడిచేతులు కొంగుకి తుడుచుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. ప్రతి పాట పేరు ముందూ సున్నా సున్నా ఒకటి, సున్నా సున్నా రెండు అని అంకెలు వేసుకుంటూ పోయింది. నూట పద్దెనిమిది పాటలు. ఈలోపు పొయ్యి మీద కూర అడుగంటింది. ఆ మాడిన కూర గురించి ఆ ఇంట్లో మూడ్రోజులు మాట్లాడుకున్నారు. అంకెల గురించి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఇది జరిగి పదేళ్ళు. అప్పట్నించీ ఆ ప్లేయరు ఉమాశ్రీ నెత్తినే ఉంది. అత్తగారికి ఫోను సరిపడదు, వేలు తగిలితే చాలు ఏ పాలకొల్లు పెద్దమ్మకో కాల్ వెళ్ళిపోతుంది. మండపేటలో వాళ్ళ ఇల్లు రైసు మిల్లుల వెనక వీధిలో. ఆ మోతలో చెవిలో పెట్టుకుంటేనే పాట పాటలా వినిపిస్తుంది. ప్లేయరులో నాలుగు లిస్టులు. అత్తయ్యగారి పూజ, ఆయన వాకింగ్, కారు, శృతి. కార్తీకమొస్తే శివుడి పాటలు ఎక్కించాలి, ధనుర్మాసమొస్తే వాటిని దించి విష్ణువువి ఎక్కించాలి. మొగుడు శశిభూషణ్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. పొద్దున్నే వాకింగ్ నుంచి చెమటలు కక్కుతూ వచ్చి, "మధ్యలో ఆ ఏడుపు పాటేంటి ఉమా, చూసుకోవద్దూ?" అంటాడు. చూసుకుంటుంది. పదో తరగతి కూతురు శృతి, "అమ్మా, ఇవన్నీ పాత పాటలే, మొత్తం మార్చెయ్" అని స్కూలు బ్యాగు భుజానేసుకుని పోతుంది. మారుస్తుంది. ఎందుకైనా మంచిదని ఆ నాలుగు లిస్టులూ లాప్‌టాప్‌లో ఇంకో కాపీ కూడా దాచి ఉంచింది. ఇదొక పనని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. పాటలు కొళాయిలో నీళ్ళలాగా వాటంతటవే వస్తాయని వాళ్ళ లెక్క.

ఐదో ఫోల్డరు ఒకటుంది. దాని పేరు ఇతరములు. అందులో పధ్నాలుగు పాటలు. పాడింది ఉమాశ్రీ.

ఇప్పుడా గొంతు లేదు. తొమ్మిదేళ్ళ క్రితం మెడలో నిమ్మకాయంత గడ్డ తేలితే, థైరాయిడ్ అన్నారు, ఆపరేషన్ అన్నారు. "గొంతు మారొచ్చమ్మా, వందలో ఏ ఒకరిద్దరికో" అని డాక్టరుగారు కాయితం మీద సంతకం పెట్టించుకుంటూ చెప్పారు. ఆ ఒకరిద్దరిలో తానుంటానని ఉమాశ్రీకి ఎందుకో ముందే తెలిసిపోయింది. ఆపరేషన్‌కి పదిహేను రోజులు గడువుంటే, మధ్యాహ్నాలు వెనక గదిలో తలుపేసుకుని, ప్లేయరులో రికార్డు మీట నొక్కి, రోజుకొక పాట పాడింది. టీచరుగారి దగ్గర నేర్చుకున్న కీర్తనలు తొమ్మిది, వాళ్ళమ్మ పాడే పెళ్ళిపాటలు నాలుగు, ఒక ఉయ్యాల పాట. అప్పుడు శృతికి ఆరేళ్ళు. అది పెద్దదయ్యాక ఒకరోజు కూర్చోబెట్టి, ఇదిగో, నీకు ఈ పేరు పెట్టిన గొంతు ఇదీ అని వినిపించాలనుకుంది. అంతే ఆశ, అంతకుమించి ఇంకేం లేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పాక నోరు తెరిస్తే, ఎండిన కొబ్బరిమట్ట నేల మీద ఈడ్చినట్టు ఒక చప్పుడొచ్చింది. అదే మిగిలింది. "ప్రాణం దక్కింది, అది చాలదూ? పాటలు పాడి ఎవర్ని ఉద్ధరించాలి?" అన్నారు అత్తగారు. ఆవిడ ఓదార్చాననే అనుకున్నారు. శశిభూషణ్ అయితే చుట్టాలొచ్చినప్పుడల్లా, "ఒక్క ఖర్చుతో రెండు పనులయ్యాయండీ, గడ్డా పోయింది, ఇల్లూ ప్రశాంతంగా ఉంది" అని జోకేసేవాడు. చుట్టాలు నవ్వేవాళ్ళు. ఉమాశ్రీ కూడా నవ్వేది, నవ్వడానికి గొంతు అక్కర్లేదు కాబట్టి. స్కూల్లో తను పాటల టీచరు. ఆ పాఠాలు ఇంకో అమ్మాయికిచ్చి, తనకి పిల్లల హాజరు కంప్యూటర్లో ఎక్కించే పనిచ్చారు. వార్షికోత్సవానికి స్టేజి పక్కన కుర్చీ వేసి, "మేడమ్, మీరు సిస్టం దగ్గర కూర్చుని పాట వెయ్యండి, ఆపండి, చాలు" అన్నారు. వేసింది, ఆపింది. మొన్న శృతి, "అమ్మా, నువ్వు మా క్లాస్ టీచర్‌కి ఫోన్ చెయ్యకే, నాన్న అనుకుని సార్ అంటున్నారు" అంది. దాని తప్పేముంది, నిజంగానే అంటున్నారు.

మరి ఆ పధ్నాలుగూ ఇంకో కాపీ ఎందుకు దాచుకోలేదమ్మా అని మీరడుగుతారు. దాచింది. ఓసారి లాప్‌టాప్‌లో పెడితే, "ఈ పనికిరానివన్నీ ఎవరు పెట్టారు? మెషీను స్లో అయిపోతోంది" అని ఆయన విసుక్కున్నాడు, తనే తీసేసింది. తర్వాత రేపు, ఎల్లుండి అనుకుంటూ తొమ్మిదేళ్ళు గడిపింది. అందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టు, ఇంటిల్లిపాదివీ రెండేసి చోట్ల దాచిన మనిషి తనవి మాత్రం ఒక్కచోటే ఉంచుకుంది.

ఈ కార్తీకంలో అమ్మాజీగారు ఆదివారం రాత్రి బస్సులో పంచారామాలకి బయల్దేరాలి. ద్రాక్షారామం ఎన్నిసార్లు వెళ్ళినా అయిదూ ఒక్కరోజులో చూడ్డం ఇదే మొదలు. బస్సులో వినడానికి కొత్త శివుడి పాటలు కావాలన్నారు. శనివారం ఉమాశ్రీకి స్కూల్లో తల్లిదండ్రుల మీటింగు. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, పాటలెక్కిద్దామని ప్లేయరు తగిలించి చూస్తే నాలుగే ఫోల్డర్లున్నాయి. మళ్ళీ చూసింది. నాలుగే.

"ఏమండీ, ఇందులో ఇతరములు ఏమైంది?"

శశిభూషణ్ టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే, "ఓ, అదా? అమ్మ తొందరపెడుతోందని నేనే ఎక్కిద్దామని కూర్చున్నాను. చోటు లేదంది ప్లేయరు. అందుకని అది తీసేశాను. ఈలోగా ఎవరో ఫోన్ చేస్తే లేచొచ్చేశాను, మిగతాది నువ్వు చూడు" అన్నాడు. "ఊరికే తీసెయ్యలేదులే, ఒకటి విని చూశాను కూడా. ఎవరో ఆడమనిషి. వెనకాలంతా మిల్లు మోత. ఎవరది, మీ స్టూడెంటా?"

పెళ్ళయిన మొదటి ఏడేళ్ళూ ఈ మనిషి పొద్దున కాఫీ ఆ గొంతు వింటూనే తాగాడు. ఆ ఏడేళ్ళూ ఈయన చెవులెక్కడున్నాయి? ఉమాశ్రీకి ఏడుపు రావాల్సిన చోట ఒక పిచ్చి కోరిక వచ్చింది. "ఎలా ఉందండీ ఆ గొంతు?" అని అడిగింది.

"గొంతుకేం, బాగానే ఉంది. రికార్డింగే పాడు."

"అది నేనండీ."

అప్పుడు తిరిగి చూశాడు. "నువ్వా? ఛ! మరి ముందే చెప్పొచ్చుగా? పోనీ ఫోల్డరుకి నీ పేరన్నా పెట్టుకోవచ్చుగా? ఇతరములు అని పెడితే ఎవరికి తెలుస్తుంది చెప్పు!" అన్నాడు. ఆ మాట నిజం కాబట్టి మరీ గుచ్చుకుంది. నాలుగు లిస్టులకి నలుగురి పేర్లు పెట్టిన చెయ్యి తన పేరు దగ్గరికొచ్చేసరికి ఎందుకు ముడుచుకుందో ఉమాశ్రీకే తెలీదు.

అశ్వినికి ఫోన్ చేసింది. ఒకప్పుడు స్కూల్లో తన దగ్గర పాట నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు రాజమండ్రిలో కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేస్తోంది. "కంగారు పడకండి టీచర్. తీసేసినా అవి లోపలే ఉంటాయి, పేరు మాత్రమే పోతుంది. పైన కొత్తవి పడితేనే నిజంగా పోయినట్టు. ఒక్క పాట కూడా ఎక్కించకండి. రేపు నాలుగింటికి పట్రండి, షాపులో నేనొక్కదాన్నే ఉంటాను" అంది. ఉమాశ్రీకి ప్రాణం లేచొచ్చింది. హాల్లోకొచ్చి, ఆ బొంగురు గొంతుతోనే, ఈ ప్లేయరు రేపటిదాకా ఎవరూ ముట్టుకోవద్దు, నా పాటలు ఇందులో ఉన్నాయి, అని చెప్పింది. పదహారేళ్ళలో ఆ ఇంట్లో ఆవిడ వద్దు అన్న మొదటి మాట ఇదే. "చోద్యం! భగవంతుడి పాటలకి అడ్డమేంటమ్మా?" అని అత్తగారు మూతి ముడుచుకున్నారు. శశిభూషణ్, "సరేలే అమ్మా, ఒక్కరోజేగా" అన్నాడు. ఆ సరేలేని పట్టుకుని ఉమాశ్రీ ప్లేయరు బీరువాలో చీరల మధ్య పెట్టి పడుకుంది.

ఆదివారం పొద్దున్నించీ అత్తగారి ప్రయాణం పనులే. పులిహోర, చలిమిడి, దీపాలకి వత్తులు, మడిచీరలు. మూడింటికి స్నానం చేసి వచ్చి బీరువా తీస్తే ప్లేయరు లేదు. భోజనాల బల్ల మీదుంది. పక్కన లాప్‌టాప్, దాని ముందు శశిభూషణ్, మొహం వెలిగిపోతోంది.

"చూశావా? అంతా ఎక్కించేశాను. రెండొందల పాటలు! నీలాగే సున్నా సున్నా ఒకటి అని అంకెలు కూడా వేశానోయ్. పాపం ఇన్నేళ్ళూ నువ్వే చేస్తున్నావు, ఈ ఒక్కసారి నీ పని తగ్గిద్దామని."

"ముట్టుకోవద్దన్నాను కదండీ."

"నీవి ఉన్నవేం ముట్టుకోలేదే! అవి పోయాయిగా, ఆ ఖాళీలో పెట్టాను. ఖాళీ చోటుకి కూడా కోపమేంటి?"

అరవాలనిపించింది. అరవడానికైనా గొంతుండాలి కదా! పదేళ్ళుగా ఒక్క పాట ఎక్కించని మనిషి, ఎక్కించకూడని ఆ ఒక్క రోజునే పుణ్యానికి పోయి ఎక్కించాడు. తిట్టడానికి కూడా లేదు, సాయం చేశాడు. ప్లేయరు తీసుకుని, చెప్పులేసుకుని, బస్టాండుకి నడిచింది. "ఏడింటికల్లా తెచ్చెయ్, ఎనిమిదింటికి అమ్మ బస్సు" అని వెనకనించి ఆయన గుర్తుచేశాడు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. దారంతా కోతకొచ్చిన చేలు. ఏమీ మిగలదని తెలుసు. తెలిసీ వెళ్తోంది, ఆస్పత్రికి శవాన్ని మోసుకెళ్ళేవాళ్ళ లాగా.

అశ్విని ప్లేయరు కంప్యూటరుకి తగిలించగానే మొహం మాడ్చుకుంది. "ఎక్కించేశారా టీచర్?" అంది. ఎవరని అడగలేదు. గంటన్నర సేపు ఏవేవో నొక్కింది. తెర మీద గళ్ళు గళ్ళుగా నిండుతూ పోయాయి. ఉమాశ్రీ స్టూలు మీద కూర్చుని ఆ గళ్ళనే చూసింది. ఆరు కావస్తుండగా అశ్విని నెమ్మదిగా ఇటు తిరిగింది.

"పదమూడు పూర్తిగా పోయాయి టీచర్. పధ్నాలుగోదాన్లో ఆఖరి ముక్క దొరికింది. ఇరవై సెకన్లు."

ఇయర్‌ఫోను ఒకటి ఉమాశ్రీ చెవిలో పెట్టి, రెండోది తన చెవిలో పెట్టుకుంది.

ముందు మిల్లు మోత. దాని మీదుగా ఉయ్యాల పాట. పైన ఎక్కడో ఒక మాటని నిలబెట్టి, పాపాయిని పక్క మీదకి దింపినంత జాగ్రత్తగా కిందికి దింపుతోంది ఆ గొంతు. ఇంత బాగా పాడేదాన్నా అనుకుంది ఉమాశ్రీ. మాట ఇంకా కిందికి దిగనేలేదు, దూరంగా అమ్మాజీగారి కేక, "అమ్మాయ్, ఉమా!" పాట అక్కడే తెగింది. ఆ వెంటనే అదే గొంతు, అదే తీపితో, "ఆఁ, వస్తున్నానండీ!" అంది. టక్కుమని ఆగిపోయింది.

అశ్విని కళ్ళు తుడుచుకుంది. ఉమాశ్రీ కళ్ళలో నీళ్ళు లేవు. మళ్ళీ వెయ్యమంది. మళ్ళీ అదే, పాట తెగడం, వస్తున్నాననడం. మూడోసారి వింటుండగా ఫోన్ మోగింది. రెండో చెవికి ఆనించుకుంది.

"ఎక్కడున్నావు ఉమా? ఆ పెట్టె లేకుండా అమ్మ బస్సెక్కనంటోంది. బయల్దేరావా? ఇదిగో, వినపడుతోందా? వస్తున్నావా, లేదా?"

నాలిక చివరిదాకా వచ్చింది అలవాటైన మాట. పళ్ళు బిగబట్టి ఆపింది. ఫోను కట్ చేసి బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఏ పేరుతో సేవ్ చెయ్యమంటారు టీచర్?"

"సేవ్ చెయ్యొద్దమ్మా. తీసెయ్."

"అయ్యో, ఇదొక్కటే మిగిలింది టీచర్! ఇది కూడా తీసేస్తే మీ గొంతు ఇంకెక్కడా ఉండదు."

"ఉండొద్దులే. పాటకైతే ఆ గొంతు కావాలి గానీ, వస్తున్నానండీ అనడానికి ఈ గొంతు చాలు. తొమ్మిదేళ్ళుగా దీంతోనే అంటున్నాను."