అంగుళం తక్కువ అద్దం

మా ఆయనతో పెద్ద చిక్కొచ్చిపడింది. ఆయనకు కోపం రావడం మానేసింది. బాప్తిస్మానికి ముందు కంచం విసిరేవారు, తలుపు తన్నేవారు. ఎక్కడ ఏం పగలబోతోందో నాకు కాస్త ముందే తెలిసేది. ఇప్పుడు కూరలో ఉప్పు మర్చిపోయినా చిరునవ్వే. ఓసారి కావాలనే మర్చిపోయి చూశాను. "దేవుడు నిన్ను దీవించుగాక" అని చెంబెడు నీళ్ళు తాగి లేచిపోయారు. ఇంతకన్నా ఆ కంచమే నయమనిపించింది.

అలాగని ఆ చెయ్యి మళ్ళీ లేవాలని నేను కోరుకోను. మా ఆయనదీ, వాళ్ళన్నయ్య మా బావగారిదీ ఒకే అద్దాల దుకాణం. ఒకప్పుడు మాటామాటా పెరిగి మా ఆయన ఒక్క గుద్దుతో బావగారి ముందు పన్ను రాలగొట్టారు. ఇప్పటికీ బావగారు కోపంగా మాట్లాడితే మాటల సందుల్లోంచి ఈల వస్తుంది. అది వినబడితే చాలు, నా చూపు మా ఆయన కుడిచెయ్యి మీదికి పోతుంది. ఆ చెయ్యి ఇంకోసారి లేస్తే పంటితో పోదు. ఆ దుకాణంలో చేతికందేదంతా గాజే. అందుకే ప్రతి ఆదివారం మా ఆయన సంఘంలో లేచి, "ఈ వారం కూడా ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు" అని సాక్ష్యం చెబుతుంటే, అందరికన్నా గట్టిగా ఆమెన్ అనేది నేనే.

మొన్న మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని వెళ్తే వీధిలోకే ఈల వినబడింది.

గొడవ సెలూన్ అద్దం గురించి. అక్కడ గోడకి చెక్క ఫ్రేము ముందే బిగించి ఉంది. వెళ్ళి కొలుచుకొచ్చింది మా ఆయన, కోసింది బావగారు. తీరా పెడితే అద్దం అంగుళం తక్కువొచ్చింది. సెలూన్ ఆయన దుకాణానికొచ్చి, "పన్నుతోపాటు చూపు కూడా పోయిందా?" అని నలుగురి ముందు బావగారిని దులిపి వెళ్ళాడట. తమ్ముడుగారు పక్కనే నిలబడి నవ్వుతున్నారట.

"నిన్నే అడుగుతున్నా. సరిగ్గా కొలిచావా, లేదా?" అంటున్నారు బావగారు.

"కోపంలో మాటలొద్దన్నయ్యా. నీ కోసం ప్రార్థన చేస్తాను."

చెంప ఛెళ్ళుమంది. మా ఆయన రెండో చెంప తిప్పారు. ఆ తిప్పడంలో కాస్త దర్జా కూడా ఉంది. బావగారు దానికీ లోటు చేయలేదు. పెదవి చిట్లింది. పళ్ళ మీద ఎర్రగా నెత్తురు, దాని మీద అదే చిరునవ్వు. నిజం చెప్పాలంటే, ఆ నవ్వు చూస్తే నాకే ఒకటి తగిలించాలనిపించింది.

బావగారు గోడకి ఆనించిన గాజు పలకల మీద పడ్డారు. ఒకదాన్ని కాలితో తన్నారు. ఇంకోదాన్ని ఎత్తి నేలకేసి కొట్టారు. పెంకులు నా చెప్పుల దాకా ఎగిరొచ్చాయి. తమ్ముడి కాలరు పట్టి కోత బల్ల మీదికి తోసి, కొలత చెక్క తీసుకుని వీపు మీద, భుజం మీద బాదడం మొదలుపెట్టారు. చెక్క విరిగింది. విరిగిన ముక్కతోనే బాదారు.

"కొట్టరా! తిరిగి కొట్టు! నువ్వు పరిశుద్ధుడివి, నేను పాపినా?"

అప్పుడు చూశాను, మా ఆయన కుడిచెయ్యి. పిడికిలి బిగుసుకుంది, మణికట్టు మీద పాత నరం ఉబ్బింది. నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది. ఆ చెయ్యి లేచింది. లేచి, గాల్లో ఆగి, బల్ల మీదున్న పలక అంచుని పట్టుకుంది. ఇంకా నూరని, కత్తిలాంటి అంచు. పట్టుకుని వదల్లేదు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు గాజు మీదుగా జారి బల్ల కింద చుక్కలుగా పడుతోంది. చెయ్యి లేవకుండా దాన్ని గాజుకి తాకట్టు పెట్టుకున్నారు.

"బావగారూ, ఆపండి! చెయ్యి తెగిపోతోంది!"

వినిపించుకునే స్థితిలో లేరు. వంగి పొడవాటి పెంకు ఒకటి తీసి తమ్ముడి మెడ దగ్గర పెట్టారు. దాన్ని పట్టుకున్న ఆయన అరచెయ్యి కూడా తెగింది.

"పన్ను రాలగొట్టిన రోజు కూడా నువ్వు నా తమ్ముడివేరా," అన్నారు. ఈల వణికింది. "ఈ నవ్వేవాడెవడో నాకు తెలీదు. వీడు పోయినా నాకు ఏడుపు రాదు."

దగ్గరికెళ్తే పెంకు కదులుతుందేమోనని అడుగు వేయలేదు. నోరు మాత్రం పనిచేసింది.

"ఏవండీ, చెయ్యి ఆపుకోవడం వచ్చింది, సంతోషం. ఆయన అడిగినదానికి నోరు తెరవడం ఏ ఆదివారం నేర్చుకుంటారు?"

మా ఆయన కళ్ళు మేకుకి వేలాడుతున్న టేపు మీదికి వెళ్ళాయి. దాని కొన విరిగి ఏళ్ళయింది. ఒకటో అంగుళం దగ్గర పట్టి కొలవడం, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేయడం అన్నదమ్ములిద్దరికీ ఊపిరి పీల్చినంత అలవాటు.

మా ఆయన మెల్లగా గాజు వదిలారు. పెంకు ఇంకా మెడ మీదే ఉంది.

"ఆ రోజు మన టేపు మర్చిపోయి వెళ్ళానన్నయ్యా. సెలూన్ వాళ్ళ కొత్త టేపుతో, కొన నుంచే కొలిచాను. అలవాటు కొద్దీ దాంట్లోంచి కూడా ఒక అంగుళం తీసేశాను. అతను నిన్ను తిడుతున్నప్పుడే గుర్తొచ్చింది. నేను ఆపుకున్నది కోపాన్ని కాదు, నిజాన్ని. తప్పు నాదన్నయ్యా. అద్దం విషయంలోనూ నాదే, నవ్వడంలోనూ నాదే."